ఉప్పు నిండుకుంది, సాగర్ నిండింది

సందేహం: మా అమ్మ ‘ఉప్పు నిండుకుంది, వచ్చేటప్పుడు తీసుకురా’ అంటుంది. అంటే అయిపోయిందని. మొన్న ఒక వార్తలో ‘వరదతో సాగర్ నిండుకుంది’ అని చదివాను. ఒకే మాటకు ఇలా రెండు ఎదురు అర్థాలు ఉంటాయా? అయినా లేనిదాన్ని నిండుకుందనడం మూఢనమ్మకం కాదా? మానేయమంటే అమ్మ ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: మీ అమ్మగారిదే సరైన వాడుక. తడబడింది ఆ వార్త రాసినవారే.

వంటింట్లో ‘లేదు’ అనడానికి మనవాళ్లకు భయం. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, మనం ఏమన్నా తథాస్తు అనేస్తారనీ నమ్మకం. ఉప్పు లేదంటే నిజంగానే లేకుండా పోతుందేమోనని ‘నిండుకుంది’ అన్నారు. దీపం ఆరితే కొండెక్కిందనడం, నల్లపూసలు తెగితే పెరిగాయనడం, గడప దాటుతూ ‘వెళ్లొస్తాను’ అనడం ఈ కోవలోవే. భాషాశాస్త్రంలో దీన్ని మృదూక్తి అంటారు.

ఇది భయంలోంచే పుట్టింది, కాదనను. కానీ ఇవాళ ఆ మాట అనేవాళ్లంతా భయంతోనే అంటున్నారా? దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా గుమ్మం దగ్గర ‘వెళ్లొస్తా’ అనే అంటారు. ఒకప్పుడు ‘అమ్మవారు’ అని పిలిచిన మశూచిని ప్రపంచం నుంచి నిర్మూలించినట్టు 1980లోనే ప్రకటించారు. అయినా ఆటలమ్మ వస్తే ఇప్పటికీ ‘పిల్లాడికి అమ్మవారు పోసింది’ అంటూనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లొద్దని ఎవరైనా అంటే గొడవ పడాల్సిందే. ఉప్పు దగ్గర ఎందుకండీ?

తమాషా ఏమిటంటే, ఈ మర్యాద అన్ని సరుకులకూ దక్కలేదు. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె నిండుకుంటాయి. గ్యాస్ మాత్రం ‘అయిపోయింది’ అనేస్తాం. ఫోన్లో ఛార్జింగ్ కూడా అంతే. తిండిగింజల్లో లక్ష్మి ఉందనుకున్నాం గానీ సిలిండర్లో ఉందని ఎవరూ అనుకోలేదు. ధర చూస్తే అనుకోవలసిందే!

ఇక సాగర్ సంగతి. ‘నిండుకొను’ అనే క్రియను నిండి ఉండడం అనే అర్థంలో వాడిన సందర్భాలు లేకపోలేదు, వ్యాకరణమూ అడ్డు చెప్పదు. అయితే ఇప్పటి వాడుకను కాస్త గమనించండి. నిండుకునేది లోపలి సరుకే. ‘ఉప్పు నిండుకుంది’ అంటాం గానీ ‘ఉప్పు డబ్బా నిండుకుంది’ అనం. డబ్బా అయితే నిండుతుంది, లేదా ఖాళీ అవుతుంది. జలాశయమూ డబ్బా లాంటిదే కాబట్టి, నీళ్లు పూర్తి మట్టమైన 590 అడుగులకు చేరితే ‘సాగర్ నిండింది’ అని రాయాలి. ‘సాగర్‌లో నీళ్లు నిండుకున్నాయి’ అంటే ఆయకట్టు రైతుకు టెన్షన్ మొదలవుతుంది. వరదల కాలంలో పత్రికలు ‘నిండుకుండలా సాగర్’ అని రాస్తుంటాయి కదా, ఆ నిండుకుండ చెవిలో ఉండిపోయి ‘నిండుకుంది’ అని పడిందేమోనని నా అనుమానం.

‘ఖజానా నిండుకుంది’ అనే శీర్షికతోనూ ఇదే పేచీ. డబ్బు వచ్చి చేరిందా, అయిపోయిందా? ‘ఖజానాలో సొమ్ము నిండుకుంది’ అంటే అనుమానం ఉండదు. చోటు చాలదంటారా, ‘ఖజానా ఖాళీ’ అని రాస్తే సరిపోతుంది.