సంతకం ముందు రెండో పేజీ అడుగు చూడండి

సేల్ అగ్రిమెంటు అయిపోయాక బిల్డర్ ‘సప్లిమెంటరీ’ (పాత అగ్రిమెంటుకు అనుబంధంగా రాసే కాగితం) మీద సంతకం పెట్టమంటున్నాడు, పాతది రద్దయినట్టేనా అని అడిగారు. కాదు. కొత్త కాగితం దేన్ని ముట్టుకుంటే అదే మారుతుంది, మిగతాది పాతదే. అది దేన్ని ముట్టుకుందో చూసుకోకే నేను బోల్తా పడ్డాను.

మాది మియాపూర్‌లో ఫ్లాటు. అగ్రిమెంటు నా పేరు, మా ఆవిడ పేరు కలిపి రిజిస్టర్ అయింది. ఫ్లాటు ధరలో పది శాతం కంటే ఎక్కువ తీసుకోవాలంటే, రెరా చట్టం (బిల్డర్లను అదుపులో పెట్టే రియల్ ఎస్టేట్ చట్టం) 13వ సెక్షన్ ప్రకారం బిల్డర్ ముందు అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయాల్సిందే. ఫ్లాటు అప్పగించే గడువు దాటితే నెలకు 15 వేలు అద్దె ఇస్తానని కూడా రాసిచ్చాడు.

ఒకరోజు ఫోను. “సార్, మీ పార్కింగ్‌కి పిల్లర్ అడ్డమొచ్చింది. నంబర్ మారుద్దాం, రెండు నిమిషాల పని.” వెళ్లాను. టీ ఇచ్చారు, పెన్నూ వాళ్లే ఇచ్చారు. వంద రూపాయల స్టాంపు పేపరు, వెనక ఇంకో కాగితం. మొదటి పేజీ అంతా పార్కింగ్ గొడవే. రెండో పేజీ అడుగున, సంతకం గీతకు ఆనుకుని, ఇంగ్లీషులో మూడు లైన్లు: అప్పగింత పదకొండు నెలలు వాయిదా, ఆ కాలానికి అద్దె లేదు, తక్కిన షరతులు యథాతథం. చదవకుండా గీకేశాను. బీకాం చదివినవాణ్ణి!

తర్వాత అద్దె అడిగితే ఆ పేజీనే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు.

లాయరు గారు ముందు నాకు చీవాట్లు పెట్టి, తర్వాత కళ్లజోడు సర్దుకుని, “మీ ఆవిడ సంతకం ఏదండీ?” అన్నారు. ఆ రోజు తను తెనాలిలో, పుట్టింట్లో ఉంది. ఇద్దరు కొన్నదానికి ఒక్కరి సంతకంతో షరతు మారదు, రిజిస్టరైన దాన్ని రిజిస్టర్ కాని ఉత్త స్టాంపు కాగితం మార్చలేదు, ఆలస్యానికి వడ్డీ ఇవ్వాలని రెరా 18వ సెక్షనే చెబుతోంది అంటూ నోటీసు పంపారు. కోర్టు దాకా పోలేదు. బిల్డర్ సగం అద్దెకు దిగొచ్చాడు.

నన్నడిగితే ఈ కాగితాలు తెలుగులో రాయమని పట్టుబట్టాలి. నవ్వుతారు, నవ్వనీయండి.

పార్కింగ్ మాత్రం మార్చిన చోటే ఇచ్చారు. అక్కడా పిల్లరే.