పెక్టిన్‌లో ఆమ్లం లెక్క ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న: పండ్లలో ఉండే పెక్టిన్‌లో గాలక్ట్యురోనిక్ ఆమ్లం (ఒక చక్కెర ఆమ్లం) ఎంతుందో తేల్చాలి. గ్లూకోజ్‌ను స్టాండర్డ్‌గా (పోల్చి చూసే కొలతగా) పెట్టుకుని ఫినాల్–సల్ఫ్యూరిక్ ఆమ్లం పద్ధతిలో చేస్తే తక్కువ, కార్బజోల్ అనే రంగు తెప్పించే రసాయనంతో చేస్తే ఎక్కువ వస్తోంది. పైగా ఫినాల్ పద్ధతిలో ఒకే నమూనా మూడు ట్యూబుల్లో మూడు రకాలుగా ఉంటోంది. దేన్ని నమ్మాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ఈ పనికి రెండిటినీ నమ్మకండి. ఫినాల్ పద్ధతికి మామూలు చక్కెరా, చక్కెర ఆమ్లమా అన్న తేడా పట్టదు. అన్నిటికీ రంగు వస్తుంది, కానీ ఒకే మోతాదులో రాదు. గ్లూకోజ్‌కు 490 నానోమీటర్ల కాంతి దగ్గర చూస్తాం, యూరోనిక్ ఆమ్లాలకు (గాలక్ట్యురోనిక్ లాంటి చక్కెర ఆమ్లాలకు) 480 దగ్గర. ఒకే బరువు తీసుకున్నా ఆమ్లానికి వచ్చే రంగు తక్కువ. అందుకే గ్లూకోజ్ గ్రాఫ్‌తో చూస్తే మీకు తగ్గింది. ఇక కార్బజోల్ పక్కనున్న చక్కెరలకు కూడా కాస్త రంగు తెప్పించి లెక్క పెంచేస్తుంది.

నేనైతే 1973లో బ్లూమెన్‌క్రాంట్స్, ఆస్బో-హాన్సెన్ చెప్పిన మెటా-హైడ్రాక్సీడైఫినైల్ పద్ధతికే ఓటేస్తాను. టెట్రాబోరేట్ కలిపిన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నమూనాను 100 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు వేడిచేసి, బాగా చల్లార్చాకే రీఏజెంట్ (మెటా-హైడ్రాక్సీడైఫినైల్) వేయాలి. గులాబీ రంగు 520 దగ్గర చూడాలి. అది నిలవదు, కాబట్టి ట్యూబు ట్యూబుకీ ఒకే వ్యవధి పాటించండి. చక్కెరలు ఎక్కువుంటే వేడిచేసేటప్పుడే గోధుమరంగు తిరుగుతుంది. ప్రతి నమూనాకూ రీఏజెంట్ లేకుండా ఉత్త సోడియం హైడ్రాక్సైడ్ వేసిన బ్లాంక్ (పోలిక ట్యూబు) పెట్టి, ఆ రీడింగ్ తీసేయండి. అప్పటికీ ఎక్కువగా ఉంటే ముందే సల్ఫమేట్ కలపండి, గోధుమరంగు చాలావరకు అణుగుతుంది.

మూడు ట్యూబుల గొడవకు నా అనుమానం ఆమ్లం పోసే తీరు మీద. ఫినాల్ పద్ధతిలో వేడంతా ఆమ్లం నీటిలో కలిసినప్పుడు పుట్టేదే. గోడ వెంట మెల్లగా జారిస్తే ఒక ట్యూబు బాగా వేడెక్కుతుంది, ఇంకోటి ఎక్కదు. ధార సూటిగా ద్రవం మీద పడేలా, గబగబా పోయాలి. చిమ్ముతుంది కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లో, ముఖానికి షీల్డ్ పెట్టుకుని మాత్రమే చేయండి. ఇంకోటి, ట్యూబుల లోపల టిష్యూ పేపర్‌తో తుడవకండి. ఒక్క నూలుపోగు మిగిలినా అది సెల్యులోజే, అంటే చక్కెరే!

కొత్త పద్ధతికి స్టాండర్డ్‌గా గాలక్ట్యురోనిక్ ఆమ్లమే తీసుకోండి. సీసా మీద మోనోహైడ్రేట్ అని ఉంటే దాని అణుభారం 212, నీరు లేనిదానికి 194. ఆ తేడా సరిచేయకపోతే, మిగతాదంతా సరిగ్గా చేసినా మీ జవాబు తొమ్మిది శాతం దాకా పెరిగి వస్తుంది.