సిలబస్ ఉండగా మళ్లీ కోర్సు ప్లాన్ ఎందుకు?

ప్రశ్న: బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ ఖరారు చేసే కమిటీ) ఆమోదించిన అయిదు యూనిట్ల సిలబస్ చేతిలో ఉంది. అయినా ‘మీ కోర్సు ప్లాన్ మీరే రాసి మొదటి వారంలో పంచండి’ అంటున్నారు. అందులో ఇంకేం రాయాలి?
– కొత్తగా చేరిన అధ్యాపకురాలు, తిరుపతి

జవాబు: ఏం చెప్పాలో సిలబస్‌లో ఉంటుంది. ఏ వారంలో, ఏ పుస్తకంలోంచి, ఎన్ని మార్కులకు అన్నది ఉండదు. పిల్లలు అడిగేది ఆ మూడే.

మొదటి పేజీలో కోర్సు కోడ్, క్రెడిట్లు, క్లాసు వేళలు, గది, ముందుగా వచ్చి ఉండాల్సిన అంశాలు, మిమ్మల్ని కలిసే వేళ పెట్టండి. ‘ఎప్పుడైనా రావచ్చు’ అంటే ఎవరూ రారు. ‘మంగళ, గురువారాలు 3 నుంచి 4’ అనండి. లక్ష్యాల దగ్గర ‘అవగాహన కల్పించడం’ వద్దు, అది పరీక్ష పెట్టి తేల్చలేని మాట. ‘జనగణన పట్టిక ఇస్తే ఏడేళ్లు, ఆపై వయసువారిలో అక్షరాస్యత శాతం లెక్కగట్టాలి’ లాంటివి నాలుగైదు చాలు.

అసలు పని వారాల పట్టికలో ఉంది. ఒక థియరీ క్రెడిట్‌కు 15 గంటల చొప్పున 4 క్రెడిట్ల కోర్సుకు 60 గంటలు. అరవైకీ పాఠం నింపేశారో, అయిదో యూనిట్ ఆఖరి వారంలో పరుగే. పాఠానికి 50 గంటలు వేసుకుని, మిగతావి రెండు ఇంటర్నల్ పరీక్షలకు, దిద్దిన పేపర్ల చర్చకు, పోయే క్లాసులకు వదలండి. మన ఊళ్లో క్లాసులు పోవడం ఖాయం. బ్రహ్మోత్సవాలు, దసరా రెండూ ఒకే సెమిస్టర్‌లో వస్తాయి. గరుడసేవ రోజు శ్రీకాళహస్తి, పుత్తూరు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలకు పరీక్ష పెట్టడం అన్యాయం. అధికమాసం వచ్చిన ఏడాది బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి కాబట్టి అకడమిక్ క్యాలెండర్ పక్కన పంచాంగం కూడా పెట్టుకోండి! యూనిట్‌కు పదేసి గంటలని సమంగా పంచొద్దు. లెక్కలున్న యూనిట్ పదమూడు తింటుంది, పరిచయ యూనిట్‌కు ఏడు చాలు.

పది పుస్తకాల జాబితా ఇస్తే పిల్లలు గైడ్ కొంటారు. ఒక ప్రధాన పుస్తకం చెప్పి, ప్రతి వారానికీ అధ్యాయం, పేజీలు రాయండి. లైబ్రరీలో రెండే ప్రతులుంటే, వాటిని ఇంటికివ్వకుండా రిఫరెన్స్ విభాగంలో ఉంచమని ముందే అడగండి.

ప్రశ్న: అసైన్‌మెంట్లు ఆలస్యంగా ఇస్తారు, చాట్‌జీపీటీతో రాయించేస్తారు. మార్కులు కోస్తే గొడవ. నిబంధన ఎలా రాయాలి?
– డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, చిత్తూరు

జవాబు: గొడవకు మూలం ‘తగిన కారణం ఉంటే అనుమతిస్తాం’ అన్న వాక్యం. ఏది తగినదో ఒక్కొక్కరికి ఒక్కోలా తోస్తుంది. ఇలా రాయండి: ‘10 మార్కుల అసైన్‌మెంట్‌కు ఆలస్యమైన ప్రతి రోజుకూ 1 మార్కు కోత. మూడు రోజుల తర్వాత తీసుకోను. ఆసుపత్రి చీటీ చూపితే వారం గడువు.’ అందరికీ ఒకేలా అమలు చేయలేని నిబంధనైతే అసలు రాయకండి.

ఏఐ మీద ఉత్త నిషేధం నిలవదు. వ్యాకరణం దిద్దుకోవడానికి సరే, జవాబు రాయించడానికి కాదు, వాడితే చివర ఒక వాక్యంలో చెప్పాలి అని గీత గీయండి. పదిలో 3 మార్కులు అయిదు నిమిషాల మౌఖిక ప్రశ్నలకు పెడితే ఎవరు రాశారో అక్కడే తేలిపోతుంది. అరవై మంది క్లాసులో దానికి అయిదు గంటలు పడుతుంది, వాటినీ పట్టికలో లెక్కేయండి.

75 శాతం హాజరు, ఇంటర్నల్–ఎక్స్‌టర్నల్ మార్కుల నిష్పత్తి మీ చేతిలో లేవు. విశ్వవిద్యాలయ నిబంధనను ఉన్నదున్నట్టు రాసి, 60 గంటల్లో 15కు మించి మానితే హాజరు చాలదని లెక్క కట్టి చూపండి. వైకల్యం ఉన్న విద్యార్థులకు పరీక్షలో వాళ్ల బదులు రాసిపెట్టే లేఖకుడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం కావాలంటే ఎవరిని, ఎప్పటిలోగా అడగాలో కూడా చేర్చండి.

ప్రశ్న: ఒకసారి ఇచ్చిన ప్లాన్‌ను మధ్యలో మార్చవచ్చా?
– పాఠకుడు, తిరుపతి

జవాబు: తేదీలు, పాఠాల వరుస మార్చవచ్చు. మార్కుల విభజన మార్చకూడదు. వారం ముందు క్లాసులో చెప్పి, మార్చిన తేదీ వేసిన కొత్త ప్రతిని నోటీసు బోర్డులో పెట్టండి. వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ సరిపోదు.