బొరియల జీవుల వర్గీకరణ: డీఎన్‌ఏ ఒక్కటే నేర్చుకుంటే చాలా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరంలో జంతుశాస్త్రం చదువుతున్నాను. బొరియలు తవ్వుకుని బతికే కృంతకాల (ఎలుకల వంటి కొరికే జంతువుల) వర్గీకరణపై పరిశోధన చేయాలని ఉంది. ఇప్పుడంతా డీఎన్‌ఏతోనే తేలుతుందని, జంతువు గురించి పెద్దగా తెలియకపోయినా ఫరవాలేదని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ మాటలో కొంతే నిజం ఉంది. నేల లోపల బతకడానికి ఒకే తరహా శరీరం అనుకూలం కాబట్టి, దగ్గరి బంధుత్వం లేని జంతువులకు సైతం చిన్న కళ్లు, కురచ తోక, బయటకు పొడుచుకొచ్చిన పళ్లు ఏర్పడతాయి. ఆఫ్రికాలోని నేకెడ్ మోల్ ర్యాట్ జన్యుపరంగా గినీపిగ్‌కు, ఏదుపందికి దగ్గర కాగా, పశ్చిమాసియాలోని బ్లైండ్ మోల్ ర్యాట్ మామూలు ఎలుకలకు దగ్గర. రూపం ఇంతగా మోసం చేసేచోట జన్యు ఆధారం తప్పనిసరి.

అయితే ఏ ఆధారం కావాలో నిర్ణయించడానికి జంతువు తెలిసి ఉండాలి. ఇజ్రాయెల్‌లోని బ్లైండ్ మోల్ ర్యాట్లు పైకి దాదాపు ఒకేలా కనిపించినా, ప్రాంతాన్ని బట్టి వాటికి 52, 54, 58, 60 క్రోమోజోములున్నాయి; ఆ తేడాల ఆధారంగానే 2001లో వాటిని నాలుగు జాతులుగా నామకరణం చేశారు. క్రోమోజోములను లెక్కించాలంటే విభజన చెందుతున్న కణాలు కావాలి. వాటిని సాధారణంగా ఎముక మజ్జ నుంచి తీసుకుంటారు. మ్యూజియంలో ఎండిన చర్మం నుంచి డీఎన్‌ఏ ముక్కలు రాబట్టవచ్చు గానీ, క్రోమోజోముల లెక్క దొరకదు. జాతులను పోల్చడానికి ఎక్కువగా వాడే సైటోక్రోమ్ బి జన్యువు సుమారు 1,140 డీఎన్‌ఏ అక్షరాల పొడవుంటుంది. అది తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియాలో ఉన్నందున, రెండు జాతులు సంకరమైన చోట దాన్నొక్కదాన్నే నమ్మితే పొరబడతాం. కేంద్రకంలోని జన్యువులనూ చూడాల్సిందే.

అందువల్ల పీజీలో జన్యుశాస్త్రాన్నో పరిణామ జీవశాస్త్రాన్నో ఎంచుకుని, పుర్రెలు, దంతాల పరిశీలనను, అనుమతులతో నమూనాలు సేకరించి భద్రపరచే పద్ధతిని కూడా నేర్చుకోండి. గణాంకశాస్త్రాన్ని, ఆర్ (R) లేదా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను నేర్చుకోవడం వాయిదా వేయవద్దు. నా అభిప్రాయంలో చాలామంది విద్యార్థులు వెనకబడేది అక్కడే. కేవలం వర్గీకరణ కోసమే ఉండే ఉద్యోగాలు తక్కువన్నది దాచదగిన విషయం కాదు. పీహెచ్‌డీ తరువాత విశ్వవిద్యాలయాలు, మ్యూజియంలతో పాటు వన్యప్రాణి సంరక్షణ, పంటలను నష్టపరిచే ఎలుకల నియంత్రణ, ఎలుకల ద్వారా వ్యాపించే వ్యాధుల పరిశోధన వంటి రంగాల్లోనూ ఇవే నైపుణ్యాలు ఉపయోగపడతాయి.

ప్రస్తుతానికి జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ జన్యు సమాచార భాండాగారంలో ఉచితంగా లభించే మోల్ ర్యాట్ల సైటోక్రోమ్ బి క్రమాలను తీసుకుని, మీరే ఒక వంశవృక్షం గీసి, ప్రచురితమైన పుర్రె కొలతలతో పోల్చి చూడండి. అవి రెండూ ఎక్కడ విభేదిస్తాయో గుర్తించగలిగితే, మీ పీజీ ప్రాజెక్టుకు తగిన ప్రశ్న అక్కడే దొరకవచ్చు.