నాన్-బ్లాకింగ్ పెట్టినా కొత్త కనెక్షన్ దగ్గర సర్వర్ ఎందుకు ఆగిపోతోంది?

సాకెట్‌ను (నెట్‌వర్క్ కనెక్షన్‌కి మన ప్రోగ్రామ్ వైపు కొస) నాన్-బ్లాకింగ్ (పని అయ్యేదాకా ఆగకుండా వెంటనే తిరిగొచ్చేలా) చేశానని, అయినా బయటి సర్వర్‌కి కొత్త కనెక్షన్ తెరిచేటప్పుడు అప్పుడప్పుడు ప్రోగ్రామ్ మొత్తం కొన్ని సెకన్లు ఆగిపోతోందని రాశారు. మీరు ఇస్తున్నది ఐపీ అడ్రసా, హోస్ట్ పేరా? పేరైతే నా అనుమానం ముందు దాని మీదే.

నేను సీ భాషలో ఒక ప్రాక్సీ (మధ్యలో ఉండి కనెక్షన్లు అందించే ప్రోగ్రామ్) రాశాను. ఒకే థ్రెడ్, ఈపోల్ (ఏ సాకెట్ సిద్ధమైందో చెప్పే లినక్స్ సదుపాయం) మీద నడిచేది. అంతా బాగుందనుకుంటుండగా ఉన్నట్టుండి ఐదు సెకన్లు అందరికీ ఆగిపోయేది, మళ్ళీ దానంతటదే కదిలేది. ఆ టెన్షన్‌లో రెండు రోజులు, కనెక్షన్ తెరిచే కనెక్ట్ పిలుపు చుట్టూనే తిరిగాను. చివరికి ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని ఏమేం అడుగుతోందో చూపే టూల్) పెట్టి చూస్తే, నా సాకెట్ ఇంకా పుట్టనే లేదు! పేరుకి ఐపీ అడ్రస్ వెతికే గెట్‌యాడర్‌ఇన్ఫో లోపల డీఎన్ఎస్ సర్వర్ జవాబు కోసం 5000 మిల్లీసెకన్ల పోల్ (ఎదురుచూపు) నడుస్తోంది. లినక్స్‌లో గ్లిబ్‌సీ (సీ లైబ్రరీ) రిజాల్వర్, అంటే పేర్లు వెతికే భాగం, ఒక్కో ప్రయత్నానికి మామూలుగా ఎదురుచూసేది 5 సెకన్లే. మనం పెట్టే నాన్-బ్లాకింగ్ ఫ్లాగ్ మన సాకెట్‌కే పనిచేస్తుంది, పేరు వెతికే పనిని అది అంటదు.

అందుకే ఆ పనిని వేరే థ్రెడ్‌కి ఇవ్వాలి, లేదా సీ-ఏరెస్ లాంటి, ప్రోగ్రామ్‌ను ఆపకుండా పేర్లు వెతికే అసింక్రోనస్ లైబ్రరీ వాడాలి. నేను థ్రెడ్‌నే ఎంచుకున్నాను. పైథాన్ అసింక్‌ఐఓ లైబ్రరీ కూడా లోపల ఇదే చేస్తుంది. కాకపోతే మీరు టైమౌట్‌తో వదిలేసినా, ఆ థ్రెడ్ మాత్రం జవాబు వచ్చేదాకా, లేదా రిజాల్వర్ వదులుకునేదాకా ఇరుక్కునే ఉంటుంది. నోడ్.జేఎస్‌లో ఇలాంటి పనులు చేసే థ్రెడ్ల గుంపులో (పూల్) మామూలుగా ఉండేవి 4 థ్రెడ్లే కాబట్టి, నెమ్మది పేర్లు ఒకేసారి ఎక్కువ వస్తే మిగతావి క్యూలో నిలబడతాయి.

ఇక కనెక్ట్ సంగతి. ఈఇన్‌ప్రోగ్రెస్ అనే ఎర్రర్ కోడ్ వస్తే అది తప్పు కాదు, పని మొదలైందని అర్థం. సాకెట్‌ను రైట్ (డేటా రాయడం) కోసం ఈపోల్‌లో పెట్టండి. అయితే రైట్‌కి సిద్ధం అని కబురు రాగానే కనెక్ట్ అయిపోయిందనుకోవద్దు, విఫలమైనా అదే కబురు వస్తుంది. గెట్‌సాక్‌ఆప్ట్‌తో ఎస్ఓ ఎర్రర్ (సాకెట్‌లో మిగిలిన ఎర్రర్ నంబర్) అడగాలి, సున్నా వస్తేనే కనెక్షన్ ఉన్నట్టు. నేను ఒకసారి ఈ ఒక్క లైను వదిలేశాను. తెరుచుకోని సాకెట్లు, మళ్ళీ వాడుకునే కనెక్షన్ల పూల్‌లో చేరిపోయాయి, ఎర్రర్ మాత్రం ఎక్కడో దూరంగా డేటా పంపేచోట బయటపడేది.

టైమర్ కూడా మీరే పెట్టుకోండి. అవతలి నుంచి ఏ జవాబూ రాకపోతే లినక్స్ కెర్నెల్ తనంతట తాను వదులుకోవడానికి మామూలుగా రెండు నిమిషాలు దాటుతుంది. నేను 4 సెకన్లు పెడతాను. కనెక్షన్ అడిగే మొదటి సిన్ ప్యాకెట్ దారిలో పోయినా ఆ లోపు కనీసం రెండుసార్లు మళ్ళీ వెళ్తుంది. గడువు దాటితే సాకెట్‌ను క్లోజ్ చేయడం మరవొద్దు, లేకపోతే ఫైల్ డిస్క్రిప్టర్లు (తెరిచిన ప్రతి సాకెట్‌కి కెర్నెల్ ఇచ్చే నంబర్లు) అయిపోతాయి.

ఇప్పటికి పేరు బదులు ఐపీ అడ్రస్ రాసి ఒకసారి నడిపి చూడండి. అప్పుడూ ఆగితే నాన్-బ్లాకింగ్ ఫ్లాగ్ కనెక్ట్ పిలవకముందే పెడుతున్నారో లేదో చూసుకుని, ఆ భాగం కోడ్ ఇక్కడ పెట్టండి.