టుపాక్ గొప్పా, ఎమినెమ్ గొప్పా అనేముందు పదహారు బార్లు విప్పి చూడండి

ప్రశ్న: టుపాక్ ప్రాసలు చాలా మామూలుగా ఉంటాయి. ఎమినెమ్‌కున్న స్పీడు, పట్టు ఆయనకు లేవు. అయినా గొప్ప ర్యాపర్లు ఎవరంటే టుపాక్ పేరే ముందు చెప్తారు. మనసుకు తాకితే చాలా, నైపుణ్యం అక్కర్లేదా?

జవాబు:

మీరు నైపుణ్యం అంటున్నది కాగితం మీద లెక్కకు దొరికేదాన్ని మాత్రమే: ప్రాస, వేగం, పదసంపద. గొంతు, ఊపిరి, విరుపు అంత సులువుగా లెక్కకు రావు కాబట్టి వాటన్నిటినీ "ఫీల్" అని ఒక మూట కట్టి పక్కన పెడుతున్నాం. పాట మనసులోకి దిగేది చాలావరకు ఆ మూటలోని పనితనం వల్లే. అదీ నేర్చుకుంటే వచ్చేదే, సాధన లేకపోతే పోయేదే.

ముందు లెక్కకు దొరికేవి చూద్దాం. వర్స్ అంటే ర్యాప్ పాటలో ఒక చరణం, మామూలుగా 16 బార్లు (తాళం ఆవృతాల్లాంటివి). బార్‌కి 4 బీట్లు, బీట్‌కి 4 గళ్ళు, అంటే బార్‌కి 16 గళ్ళు. తొడ మీద తాళం వేస్తూ "తకధిమి" నాలుగుసార్లు అంటే ఒక బార్ అయిపోతుంది. నిమిషానికి 90 బీట్ల పాటలో బార్ 2.67 సెకన్లు, మొత్తం వర్స్ దాదాపు 43 సెకన్లు. గళ్ళన్నీ నింపితే సెకనుకు 6 సిలబుల్స్ పడతాయి. 2013లో మిగోస్ బృందం "వర్సాచీ"తో అందరి నోటా పలికించిన ట్రిప్లెట్ ఫ్లో (బీట్‌కి మూడేసి సిలబుల్స్ పలకడం) మనకు తిశ్రమే, బీట్‌కో "తకిట". అదేదో ఆకాశం నుంచి ఊడిపడినట్టు మాట్లాడేవాళ్ళకు మృదంగం క్లాసులో మొదటి నెల పాఠం వినిపించాలి.

ప్రాస దగ్గర మనవాళ్ళు ఎక్కువగా మోసపోతారు. తెలుగులో క్రియలు చాలావరకు "-ఆడు", "-ఇంది" అని ఒకేలా ముగుస్తాయి. "చేశాడు - పోయాడు" అంటే ర్యాపర్ చేసిన పనేమీ లేదు, వ్యాకరణం ఊరికే ఇచ్చిన ప్రాస అది. "గల్లీలో పిల్లాడు, ఢిల్లీకి వెళ్ళాడు" అన్నప్పుడు "ల్లీ"కి "ల్లీ" ఎదురుపడింది, పైగా ఒక నామవాచకం క్రియతో జత కట్టింది. అక్కడ పని ఉంది. ప్రత్యయం కొట్టేసి, దానికి ముందు ఎన్ని సిలబుల్స్ కలిశాయో లెక్కపెట్టండి. ఇంగ్లీష్‌లో ఇలా ప్రాసను లైను చివరి నుంచి లోపలికి తెచ్చినవాళ్ళలో 1987 నాటి "పెయిడ్ ఇన్ ఫుల్" ఆల్బమ్ ర్యాపర్ రకీమ్ ముఖ్యుడు. ఆయన శాక్సఫోన్ వాయించినవాడు. ఆయన వాక్యాలు బార్ గీత దగ్గర ఆగకుండా దాటిపోయే తీరులో ఆ అలవాటు వినిపిస్తుంది.

వేగం సంగతి. ఎమినెమ్ "ర్యాప్ గాడ్" (2013) 6 నిమిషాల 4 సెకన్లలో 1,560 మాటలతో గిన్నిస్‌కెక్కింది. సగటున సెకనుకు నాలుగు మాటలకు పైమాటే. ట్విస్టా అనే ర్యాపర్ అయితే 1992లోనే 55 సెకన్లలో 598 సిలబుల్స్ పలికి గిన్నిస్‌కెక్కాడు. ఇద్దరిదీ నిజమైన కష్టమే. నేర్చుకునేవాళ్ళు చెడేది ఎక్కడంటే, వేగం పెరగగానే మాట చివరి హల్లులు మింగేస్తారు, బీట్ కంటే ముందుకు ఉరుకుతారు, ఊపిరికి గడి వదలడం మర్చిపోతారు. మొదటిది వింటే తెలిసిపోతుంది. మూడోదాన్ని స్టూడియో దాచేస్తుంది. రెండేసి బార్ల ముక్కలుగా రికార్డు చేసి అతికిస్తారు, దాన్నే పంచ్-ఇన్ అంటారు. హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఒక లైను చివరి సిలబుల్, తర్వాతి లైను మొదటి సిలబుల్ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయంటే అది ఒక్క ఊపిరి పని కాదు. అది తప్పని కాదు గానీ, దాన్ని చూపించి "ఏం ఊపిరిరా బాబూ" అనకండి.

ఇక పదసంపద. 2014లో మ్యాట్ డేనియల్స్ అనే డేటా పరిశోధకుడు ఒక్కో ర్యాపర్ మొదటి 35,000 మాటలు తీసుకుని అందులో వేరువేరు మాటలెన్నో లెక్కవేశాడు. ఈసప్ రాక్ 7,392తో పైన, డీఎమ్ఎక్స్ 3,214తో అట్టడుగున తేలారు. ఆ అట్టడుగు మనిషి మొదటి ఐదు ఆల్బమ్‌లూ అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో నేరుగా మొదటి స్థానంలోనే దిగాయి. అంతకుముందు ఏ కళాకారుడికీ అలా జరగలేదు. డీఎమ్ఎక్స్ దగ్గర మాటలు తక్కువ, గొంతులో అంతస్తులు ఎక్కువ. గుర్రుమంటాడు, మొరుగుతాడు, అదే ఆల్బమ్‌లో బీట్ ఆపేసి దేవుడికి ప్రార్థన చేస్తాడు. ఆ మూడు గొంతులూ ఒక మనిషివే అని నమ్మించడానికి నిఘంటువు పనికిరాదు.

ఇప్పుడు టుపాక్. 1995 నాటి "డియర్ మామా" కాగితం మీద చదివితే ప్రాసలు నిజంగానే సాదా, చాలావరకు లైను చివరే. కానీ అది తల్లికి రాసిన పాట. ఆమె, అఫేని షకూర్, నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యురాలు, కడుపుతో ఉండగా జైల్లో గడిపింది, తర్వాత మత్తుమందుల బారిన పడింది. కొడుకు అదంతా దాచకుండా చెప్తూనే కృతజ్ఞత చెప్తున్నాడు. ఆ చోట నాలుగు సిలబుల్స్ చమత్కారపు ప్రాస వేస్తే తల్లి పక్కకు పోయి కొడుకు తెలివి ముందుకొస్తుంది. అందుకే ఆయన అచ్చుల్ని సాగదీసి, లైను చివర గొంతు కొంచెం జార్చి వదులుతాడు. ఆయనకు మరో అలవాటు, ఒకే వర్స్‌ను రెండుమూడుసార్లు పాడి ఒకదానిపై ఒకటి పేర్చడం. ఆ పొరలు అచ్చంగా ఒకేలా ఉండవు, ఆ చిన్న తేడాల వల్లే గొంతుకు బరువొస్తుంది. నమ్మకం లేకపోతే మీ ఫోన్‌లోనే ఒక పేరా రెండుసార్లు రికార్డు చేసి కలిపి వినండి. పొరలు 30–40 మిల్లీసెకన్ల లోపు దగ్గరగా ఉంటే గొంతు మందమవుతుంది, అంతకంటే బాగా దూరమైతే ఇద్దరు మాట్లాడినట్టు గలీజుగా ఉంటుంది. కాబట్టి టుపాక్‌కి నైపుణ్యం లేదనడం నేను ఒప్పుకోను.

ఎమినెమ్‌కీ ఈ సంగతి తెలుసు. 2000లో వచ్చిన "స్టాన్"లో ఆయన తన వేగాన్ని జేబులో పెట్టేశాడు. మొదటి రెండు వర్స్‌లూ అభిమాని రాసిన ఉత్తరాలు, వెనకాల వాన చప్పుడు, పెన్సిల్ గీస్తున్న చప్పుడు. మూడోది కారు నడుపుతూ క్యాసెట్‌లోకి అరిచింది. నాలుగోది తీరిగ్గా రాసిన జవాబు, అదీ ఆలస్యంగా. ప్రాసలు ఉన్నాయి గానీ మాట్లాడే ధోరణి కింద దాక్కున్నాయి. ఆ పాట పేరు పిచ్చి అభిమాని అనే అర్థంలో తర్వాత ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కింది. "ర్యాప్ గాడ్" గిన్నిస్‌కెక్కితే ఇది జనం భాషలోకెక్కింది. రెండూ ఒక్కడివే అన్నది మీ ప్రశ్నకు సగం జవాబు.

మీరే తేల్చుకోవాలంటే ఇలా చేయండి. ఒక వర్స్ లిరిక్స్ ప్రింట్ తీసి, పాట వింటూ 1-2-3-4 బీట్లు ఏ సిలబుల్ మీద పడుతున్నాయో గీతలు పెట్టండి. కలిసే ధ్వనులకు ఒక్కో రంగు వేయండి, ఊపిరి వినిపించిన చోట చుక్క పెట్టండి. తర్వాత రంగులన్నీ పక్కన పెట్టి వినండి. గొంతు మారిన చోటు, కావాలని బీట్ వెనకపడ్డ చోటు, ఖాళీ వదిలిన చోటు గుర్తుపెట్టండి. ఆ గుర్తులు అర్థం బరువెక్కిన మాటల దగ్గరే ఉన్నాయా, ఎక్కడపడితే అక్కడ ఉన్నాయా? ర్యాపర్ పనితనం అక్కడ బయటపడుతుంది. మూడు వారాల తర్వాత చూడకుండా ఎన్ని లైన్లు గుర్తున్నాయో రాసుకోండి. ఇక ఫ్రీస్టైల్ (అప్పటికప్పుడు అల్లే ర్యాప్) అని చూపించే వీడియోలను చాలావరకు లెక్కలోకి తీసుకోను. అష్టావధానంలో నిషిద్ధాక్షరి (ఈ అక్షరం వాడొద్దని ఆపే అంశం) పట్టే పృచ్ఛకుడు అక్కడికక్కడే అడ్డం పడతాడు కాబట్టి ఆశువు ఆశువే అని తెలుస్తుంది. రేడియో స్టూడియోలో ఆ అడ్డం ఎవరూ పడరు.

భావం వైపు తూచేటప్పుడు తక్కెడ మరీ ఎక్కువగా మొగ్గేది చావు దగ్గర. టుపాక్ 1996 సెప్టెంబర్‌లో 25 ఏళ్ళకు, ఆయన సమకాలీన ర్యాపర్ నొటోరియస్ బి.ఐ.జి. 1997 మార్చిలో 24 ఏళ్ళకు తుపాకులకు బలయ్యారు. ఆ తర్వాత వాళ్ళ ప్రతి లైనూ జోస్యంలా వినిపిస్తుంది. దీనికి నాకు తెలిసిన విరుగుడు ఒక్కటే, ర్యాపర్ జీవితం తెలియని మనిషికి పాట వినిపించి, ఏ మాట దగ్గర తలెత్తాడో చూడటం. మనకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నల్లజాతి వాళ్ళ వాడుక ఇంగ్లీష్ సగమే అర్థమవుతుంది కాబట్టి, అర్థం కాని సగాన్ని బీట్‌తో నింపుకుని "ఫీల్ ఉంది" అనేస్తాం.

రెండూ ఒకేచోట చూడాలంటే కెండ్రిక్ లమార్ 2015 ఆల్బమ్ "టు పింప్ ఎ బటర్‌ఫ్లై"లో "యు" అనే ఒక్క అక్షరం పేరున్న పాట తీసుకోండి. తాగి, హోటల్ గదిలో తనను తానే తిట్టుకుంటున్న మనిషి గొంతు అది. రెండో సగంలో సీసా చప్పుడు, గుటకలు, ఏడుపుతో గొంతు చీలిపోవడం వినిపిస్తాయి. అక్కడ పెన్సిల్ పట్టుకుని బీట్లు గుర్తుపెట్టండి. గొంతు ఎంత తూలినా ప్రాస తన గడిలోనే పడుతుంటుంది.