ట్రైలర్ కట్టుకుని మెక్సికో తీరానికి

చలికాలం దగ్గర పడిందంటే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో అమెరికా, కెనడా చలి గురించి అడిగేవే ఎక్కువ. పిల్లలు అక్కడ, పెద్దలు ఇక్కడ. ఈసారి మాత్రం చాలామంది ఒకే సంగతి అడిగారు: కారు వెనక చిన్న క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని, మంచు కురిసే నెలలు మెక్సికో సముద్రతీరంలో గడిపి రావడం ఎలా అని. మిన్నెసోటాలో ఉద్యోగాలు చేసినన్నాళ్లూ నేనూ మావారూ శీతాకాలాన్ని గడిపిన పద్ధతి ఇదే. ఇప్పుడు విశాఖ లాసన్స్ బే కాలనీలో ఉంటున్నా ఆ దారి మలుపులు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. ఈ సంచిక మొత్తం ఆ ప్రశ్నలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు మినియాపోలిస్‌లో ఉంటారు. 13 అడుగుల ట్రైలర్ కొన్నారు. డిసెంబరులో మేం వెళ్లగానే మమ్మల్నీ ఎక్కించుకుని మెక్సికో బీచ్‌కి వెళదామంటున్నారు. మాది విజిటర్ వీసా. నాకు బీపీ, మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మెక్సికో అంటే భయంగానూ ఉంది. ఏం చేయమంటారు?
— స్టీల్ ప్లాంట్ విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: తప్పకుండా వెళ్లండి. అయితే మీ అల్లుడు అనుకుంటున్న పద్ధతిలో వద్దు.

మినియాపోలిస్ నుంచి శాన్ డియాగోకి మూడు వేల కిలోమీటర్ల పైమాటే. అక్కడ సరిహద్దు దాటి బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో ములెహే అనే ఊరు చేరడానికి ఇంకో వెయ్యి. మొదటి రెండు రోజులూ రోడ్డు మీద కంటికి కనపడని మంచుపొర ఉంటుంది. వెనక ట్రైలర్ ఉన్న కారుకి దాని మీద బ్రేకు వేయడం చాలా ప్రమాదం. పిల్లలు రెండు రోజులు వాతావరణం చూసుకుని, ఆగి, బయల్దేరగలరు. మిమ్మల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుంటే ఆ ఆగడం వాళ్లకి కష్టమవుతుంది, మీకూ కష్టమే.

పైగా 13 అడుగులంటే ముందు కొక్కెం దగ్గర్నుంచి వెనక బంపరు దాకా. లోపల మిగిలేది పదడుగులు. భోజనాల బల్ల కిందికి దించి, దాని మీద పరుపులు సర్దితే అదే మంచం. పక్క మనిషిని దాటుకుంటూ రాత్రి లేవాలి. ఇద్దరికి అది హాయి. నలుగురు పెద్దవాళ్లకి, అందులో మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి, సరిపడదు.

అందుకని నా మాట వినండి. ట్రైలర్ లాక్కెళ్లే పని పిల్లలకి వదిలేయండి. మీరిద్దరూ విమానంలో లోరెటోకి దిగండి. చిన్న ఊరే అయినా అంతర్జాతీయ విమానాశ్రయం ఉంది. అక్కడినుంచి ఉత్తరంగా గంటన్నర కారు ప్రయాణంలో, ములెహే దగ్గరి కన్సెప్షన్ బే వస్తుంది. పిల్లల ట్రైలర్ నిలిపేది అక్కడే. వారం పది రోజులు ఉండండి. రాత్రి పడకకి లోరెటోలోనో ములెహేలోనో గది తీసుకోండి, పగలంతా పిల్లల ట్రైలర్ దగ్గర గడపండి.

ఇక కాగితాలు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చేతిలో ఉంటే భారతీయులకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. 180 రోజుల వరకూ ఉండనిస్తారు, ఎన్ని రోజులన్నది అధికారి రాసిచ్చినంతే. ముఖ్యమైనది రెండోది. అమెరికాలో దిగినప్పుడు, ఎప్పటిదాకా ఉండొచ్చో చెబుతూ మీకిచ్చిన ఐ-94 గడువు, మెక్సికో వెళ్లొచ్చినంత మాత్రాన మళ్లీ మొదలవుతుందనుకోకండి. 30 రోజుల లోపు వెళ్లొస్తే సాధారణంగా పాత గడువే కొనసాగుతుంది. తిరుగు టికెట్ ఆ తేదీకి లోపలే పెట్టుకోండి.

మందులు డాక్టరు చీటీతో, వాటి అట్టల్లోనే పట్టుకెళ్లండి. డబ్బాల్లోకి విడదీసి పోయకండి. విశాఖ నుంచి జలుబు మాత్రలు కట్టుకెళ్లే అలవాటు మనందరికీ ఉంది. వాటిలో సూడోఎఫెడ్రిన్ ఉందేమో చూడండి. ఉంటే ఇంట్లోనే వదిలేయండి, మెక్సికోలో అది నిషేధం. అమెరికాకి తీసుకున్న ప్రయాణ బీమా మెక్సికోలో పనిచేస్తుందో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

భయం సంగతి. మెక్సికో అంతా ఒకటి కాదు. సరిహద్దులోని టిహువానాలో పిల్లల్ని ఆగవద్దనండి, పొద్దున్నే దాటేయాలి. కన్సెప్షన్ బే ఉన్న దక్షిణ బాహా రాష్ట్రం వేరు. చలికాలమంతా అక్కడి బీచ్‌లలో డెబ్బై దాటిన కెనడా దంపతులు చిన్న చిన్న ట్రైలర్లలో కాపురముంటారు. మీకు వాళ్లే తోడు.

ప్రశ్న: రాత్రిళ్లు కూడా బండి నడిపితే రెండు రోజులు కలిసొస్తాయి కదా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, భీమిలి

జవాబు: వద్దు. బాహాలో ప్రధాన రహదారి ఒకటే, హైవే 1. టిహువానా నుంచి కాబో శాన్ లూకాస్ దాకా 1,711 కిలోమీటర్లు, 1973లో పూర్తయింది. చాలాచోట్ల రోడ్డు అంచు దాటితే మార్జిన్ ఉండదు, తిన్నగా పల్లమే. అరకు ఘాట్‌లో ఎదురుగా లారీ వచ్చినప్పుడు మనం ఊపిరి బిగబడతామే, అలాంటి లారీలు అక్కడ వంద కిలోమీటర్ల వేగంతో వస్తాయి. రాత్రయితే ఆవులు వెచ్చదనం కోసం తారు మీదికొచ్చి నిలబడతాయి. నల్లావు నల్లరోడ్డు మీద మీ లైట్లకి ఆనేసరికి బ్రేకు వేసే దూరం ఉండదు. మధ్యాహ్నం మూడింటికి ట్రైలర్ నిలపాలి. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లన్నది దాన్నిబట్టే లెక్క వేసుకోవాలి. రోజులు చాలకపోతే దగ్గరి బీచ్ చూసుకోండి.

ప్రశ్న: నేను చికాగోలో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను, మా అమ్మగారిల్లు గాజువాక. ముగ్గురు స్నేహితురాళ్లం ట్రైలర్ అద్దెకు తీసుకుని వెళ్లాలనుకుంటున్నాం. జిహువాతనేహో బీచ్ సరిగ్గా మన విశాఖ అక్షాంశం మీదే ఉందని చదివి అక్కడికే వెళ్లాలని ముచ్చటపడుతున్నాం. ఆ దారి మంచిదా, బాహా మంచిదా?

జవాబు: మీ ముచ్చట నాకు తెలుసమ్మా. విశాఖ 17.7 డిగ్రీలు, జిహువాతనేహో 17.6. మ్యాప్‌లో వేలు పెట్టి ఇక్కడినుంచి గీత గీస్తే అక్కడికే పోతుంది. అయినా ట్రైలర్‌తో అక్కడికి వెళ్లవద్దంటాను. ఆ ఊరున్న గెరేరో రాష్ట్రానికీ, దారిలో వచ్చే సినలోవా, మిచోకాన్‌లకీ వెళ్లొద్దని అమెరికా విదేశాంగ శాఖ ఏళ్లుగా హెచ్చరిస్తోంది. అంతగా చూడాలనుంటే విమానంలో వెళ్లి, ఆ ఊళ్లోనే ఉండి రండి. అదీ బయల్దేరే ముందు హెచ్చరికలు చదివాకే.

బండి కాగితాల్లోనూ తేడా ఉంది. సరిహద్దు ప్రాంతం దాటి మెక్సికో ప్రధాన భూభాగంలోకి అమెరికా బండి తీసుకెళ్లాలంటే తాత్కాలిక దిగుమతి పర్మిట్ కావాలి. 2007, ఆ తర్వాతి కార్లకి 400 డాలర్లు డిపాజిట్ కట్టాలి, తిరిగొచ్చేటప్పుడు సరిహద్దులో పర్మిట్ రద్దు చేయించుకుంటేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. బాహా ద్వీపకల్పానికి ఈ పర్మిట్ అక్కర్లేదు. అరిజోనా కింద ఉన్న ప్వెర్తో పెన్యాస్కోకీ అక్కర్లేదు. మెక్సికో బీమా మాత్రం ఎక్కడికైనా కావాల్సిందే, అమెరికా పాలసీ చూపిస్తే అక్కడి పోలీసులు ఒప్పుకోరు. అద్దె ట్రైలర్ అన్నారు కాబట్టి ఇంకోటి: సరిహద్దు దాటించడానికి యజమాని సంతకంతో అనుమతి పత్రం తీసుకోండి. చాలా అద్దె కంపెనీలు అసలు ఒప్పుకోవు. ఈ ఒక్క సంగతి తేల్చుకున్నాకే మిగతావి ఆలోచించండి.

మీ వీసా గురించి జాగ్రత్త. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయినా, ఐ-94 చెల్లుతుంటే, 30 రోజుల లోపు మెక్సికో వెళ్లొచ్చిన వాళ్లని అమెరికా మళ్లీ రానిచ్చే వెసులుబాటు ఉంది. దాన్ని నమ్ముకుని బయల్దేరే పిల్లలు సగమే చూస్తున్నారు. మెక్సికో మనకి వీసా అడగకపోవడానికి కారణం ఆ అమెరికా స్టాంపే. అది గడువు తీరితే మెక్సికో వీసా విడిగా తీసుకోవాలి. సరిహద్దు దగ్గర ఎవరూ ఆపకపోయినా మీరే బండి ఆపి, ఇమిగ్రేషన్ ఆఫీసులోకి వెళ్లి పర్యాటక అనుమతి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోండి.

బాహాలో మీకు నేను చెప్పే దారి ఇది. మొదటి రాత్రి శాన్ కింటిన్. రెండో రాత్రి కటవీన్యా, ఏనుగులంత బండరాళ్ల మధ్య, మూడు మనుషుల ఎత్తు నాగజెముళ్ల మధ్య. కటవీన్యాకి ముందొచ్చే ఎల్ రొసారియోలో పెట్రోలు నిండా కొట్టించకుండా కదలకండి, ఆ తర్వాత మూడొందల కిలోమీటర్లకి పైగా బంకు లేదు. కటవీన్యాలో డ్రమ్ముల్లోంచి తీసి అమ్ముతారు, దొరికితే దొరికినట్టు. మూడో రాత్రి గెరేరో నెగ్రో. పేరు చూసి గెరేరో రాష్ట్రం అనుకోకండి, ఇది బాహాలోని ఊరే. జనవరి నుంచి మార్చి దాకా అక్కడి ఉప్పుకయ్యలోకి బూడిదరంగు తిమింగలాలు పిల్లల్ని పెట్టడానికి వస్తాయి. ఒక రోజు ఎక్కువ ఆగినా పరవాలేదు, పడవ ఎక్కండి. తల్లి తిమింగలం బిడ్డని వీపుతో పైకెత్తి పడవ పక్కకి తెస్తుంది. దాని చర్మానికి అతుక్కున్న బార్నకిల్ గుల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, అది ఊపిరి వదిలితే ఆ తుంపర మన మొహం మీద పడుతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడలో పుట్టి పెరిగిన నాకు సముద్రం కొత్త కాదు. అయినా ఆ పూట నోట మాట రాలేదు.

తర్వాత శాన్ ఇగ్నాసియో ఖర్జూరవనం, ఆపైన శాంటా రొసాలియాకి ముందు నిట్టనిలువు దిగుడు. అక్కడ బ్రేకు తొక్కుతూ దిగకండి, పైనే చిన్న గేరు వేసుకోండి. సైనికుల చెక్‌పోస్టులు వస్తాయి. ఎక్కడినుంచి, ఎక్కడికి అని అడుగుతారు, ట్రైలర్ తలుపు తీసి చూపించమంటారు. నవ్వుతూ చూపించండి. ముందు వెళ్లే లారీ ఎడమ ఇండికేటర్ వేస్తే ‘దాటిపో’ అని కావచ్చు, ‘ఎడమకి తిరుగుతున్నా’ అనీ కావచ్చు. మీ కళ్లతో రోడ్డు ఖాళీగా కనపడేదాకా దాటకండి.

ప్రశ్న: అన్నం లేకుండా ఉండలేం. నీళ్లు, స్నానం, వంట అక్కడ ఎలా జరుగుతాయి?
— గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: కన్సెప్షన్ బేలో శాంటిస్పాక్, ఎల్ కొయోటే, ఎల్ రెకెసోన్ అని వరసగా బీచ్‌లున్నాయి. కరెంటు లేదు, కుళాయి లేదు. ఆకు కప్పిన పందిళ్లుంటాయి, నీటి పక్కనే ట్రైలర్ నిలుపుకోవచ్చు. సాయంత్రం ఒకాయన వచ్చి ఆ రాత్రికి డబ్బు తీసుకుంటాడు, పెసోలు చిల్లరగా ఉంచుకోండి. కూరలు, రొట్టెలు, నీళ్లు అమ్మే బళ్లు వస్తాయి. తాగే నీళ్లు ఇక్కడి మన టిన్నుల్లాగే 20 లీటర్ల డబ్బాల్లో దొరుకుతాయి.

వంటకి ఇబ్బందే లేదు. బియ్యం మెక్సికోలో ప్రతి కొట్లోనూ ఉంటుంది. కొత్తిమీర, పచ్చిమిర్చి, టమాటా, నిమ్మకాయ వాళ్ల రోజువారీ సరుకు. చింతపండు కూడా వాళ్లకి బాగా అలవాటు, షర్బత్ చేసుకుని తాగుతారు. పొద్దున చేపల పడవ ఒడ్డుకొస్తే చెక్క మీదే కోసిస్తారు. ఆ చేపతో నేను పెట్టిన పులుసు వాసనకి పక్క ట్రైలర్ కెనడా ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చేది. పప్పులు, ఆవాలు, పచ్చళ్లు అమెరికా నుంచే పట్టుకెళదామనుకుంటే కొద్దిగా, సీలు విప్పని ప్యాకెట్లు తీసుకెళ్లండి. పళ్లూ పచ్చికూరలూ మాత్రం దాటేటప్పుడు పెట్టుకోకండి, తీసేసుకుంటారు.

స్నానం రోజుకొక బకెట్టు. నల్లటి సంచిలో నీళ్లు పోసి ఎండలో పెడితే మధ్యాహ్నానికి వేడెక్కుతాయి. మన విశాఖ వేడి అక్కడ ఉంటుందనుకోకండి. జనవరిలో పగలు హాయిగా ఉంటుంది, రాత్రి స్వెట్టర్ కావాలి. ఉత్తరపు గాలి పట్టుకుందంటే రెండు మూడు రోజులు వదలదు. ఆ రోజుల్లో పందిరి కట్టిన తాళ్లు విప్పి, గుడారం మడిచేసి, ట్రైలర్ ముక్కు గాలికెదురుగా తిప్పుకోవాలి.

ప్రశ్న: మా తమ్ముడు విన్నిపెగ్‌లో పాత బోలర్ ట్రైలర్ బేరమాడుతున్నాడు. ఏం చూసుకోమని చెప్పను?
— గ్యారేజీ యజమాని, అక్కయ్యపాలెం

జవాబు: మంచి బండే చూశాడు. 1968లో విన్నిపెగ్‌లోనే పుట్టిన ట్రైలర్ అది. పైనొక చిప్ప, కిందొక చిప్ప, రెండూ ఫైబర్‌గ్లాసే, నడుం దగ్గర అతికిస్తారు. చెక్క గోడల్లేవు కాబట్టి గోడలు చెమ్మకి కుళ్లవు. మీకు తెలిసిన పనే కాబట్టి తమ్ముడికి వివరంగా చెప్పండి: పైన రంగు చూసి మురిసిపోకుండా కింద పడుకుని చూడమనండి. ముందు కొక్కెం నుంచి వచ్చే ఇనుప చట్రం వంపు తిరిగే చోట పగులు ఉంటుంది. అక్కడ కొత్తగా పెయింటు వేసి ఉంటే గీకి చూడాలి. కెనడా రోడ్ల మీద చల్లే ఉప్పు తినేసేది ఆ చోటునే.

టైరు పక్కన నాలుగంకెలు చూడమనండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గాడి ఎంత ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో బాహా వెళ్లకూడదు. చక్రాల బేరింగులు విప్పి కొత్త గ్రీజు పెట్టించాలి. చాలా పాతవాటికి బ్రేకులుండవు, కటవీన్యా, శాంటా రొసాలియా దిగుళ్లకి కరెంటు బ్రేకులు పెట్టించుకోవడం మేలు. సామాను సర్దేటప్పుడు మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడాలి. నీళ్ల డబ్బాలు వెనక పెడితే ట్రైలర్ తోక ఊపుతుంది.

బయల్దేరేది జనవరిలో అయితే నీళ్ల ట్యాంకు, గొట్టాలు ఖాళీగానే ఉంచి, వాటిలో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) ఉండగానే కదలమనండి. రాత్రి చలి సున్నా పైకి వచ్చే దక్షిణ అరిజోనా దాకా డబ్బాల నీళ్లతో గడిపి, అక్కడ గొట్టాలు బాగా కడిగి ట్యాంకు నింపుకోవాలి. విన్నిపెగ్‌లోనే నింపుకుంటే మొదటి రాత్రికే గొట్టం పగులుతుంది.